ఎవరైనా పువ్వు కోసం తులిప్ వేస్తారా

డెవెంటర్,
27 సెప్టెంబరు 1964

అన్నయ్యకి,

కవరు మీద నా చేతిరాత చూడగానే "దీనికేదో కావాల్సొచ్చింది" అనుకుని ఉంటావు. నిజమే, కావాల్సొచ్చింది. తులిప్ గడ్డలు కావాలి. హిల్లెహోమ్‌లో మూడు తరాలుగా గడ్డలు పండించే ఇంట్లో పుట్టినదాన్ని, మొన్న శుక్రవారం సంతలో నిలబడి ఒక్కో గడ్డా నొక్కి చూస్తుంటే నాకే సిగ్గేసింది. పైగా ఆ అమ్మేవాడు గడ్డని ఏ వైపు పైకి పెట్టి నాటాలో నాకు నేర్పించాడు. నోరు మూసుకుని విన్నాను. ఇంటిపేరు చెబితే నీ పరువు పోతుందని చెప్పలేదు.

మా పెరడు నీకు గుర్తుండదు. మా ఆయన యోహాన్ పోయినప్పుడు వచ్చావు, అప్పుడు పెరటి వైపు చూసే ధ్యాస ఎవరికుంది. వంటింటి కిటికీ కింది నుంచి వెనక గోడ దాకా ఒకటే మడి. కొన్నేళ్ళుగా అందులో బంగాళాదుంపలే. వేసేది నేను కాదు, బెరెండ్ అని, ఇక్కడ నది మీద బల్లకట్టు నడిపే మనిషి. ఆయనకి ఇంటి దగ్గర జాగా లేదు. నా పెరట్లో వేసుకుని సగం పంట నాకు ఇస్తాడు, మంచి సగమే ఇస్తాడు. ఈసారి దుంపలు మానేసి తులిప్‌లు వేద్దామంటే ఎందుకని కూడా అడక్కుండా పార పట్టుకొచ్చాడు.

నాకు ఎర్రవి కావాలి. ఏప్రిల్ ఆఖరి వారంలో మడి నిండా ఉండాలి. ఎందుకో ఇప్పుడే అడక్కు, చెబుతాను.

లీనా వదిన మోకాలు ఎలా ఉంది? మెట్లెక్కవద్దని నా మాటగా చెప్పు. నీ మాటగా చెబితే కావాలని ఎక్కుతుంది.

నీ చెల్లెలు
ట్రూస్


హిల్లెహోమ్,
4 అక్టోబరు 1964

చెల్లీ,

నీ ఉత్తరం లీనాకి రెండుసార్లు చదివి వినిపించాను. యాభై రెండేళ్ళకి నీకు బుద్ధొచ్చింది. "ట్రూస్ చేత్తో నాటితే గడ్డ బాగా ఊరుతుంది, రొట్టెలు కాల్చేవాణ్ణి చేసుకుని ఆ చెయ్యి పాడుచేసుకుంది" అనేవాడు నాన్న. యోహాన్ బతికున్నన్నాళ్ళూ నీకు చెప్పలేదు. ఇప్పుడు చెప్పొచ్చనిపించింది.

పెట్టె రైల్లో వస్తుంది. పైన ఉన్నవి మామూలు ఎర్రవి. అడుగున గోనెగుడ్డలో చుట్టినవి వేరు. అవి నాన్న ఎరుపు. అవును, అవే. నాన్న గింజ దగ్గర్నుంచి పెంచి, పేరు పెట్టకుండానే పోయిన రకం. మన పొలం గట్టు దాటి ఇంతవరకు ఎక్కడికీ పోలేదు. కార్లు వేసుకుని వచ్చిన వ్యాపారులు ఎంత బతిమాలినా ఇవ్వలేదు. నువ్వు గడ్డ పెంచుతానంటే ఇవ్వకుండా ఉండలేకపోయాను. ఎవరికీ ఒక్కటి కూడా ఇవ్వకు. ఆ బల్లకట్టాయనకి కూడా.

నేల చల్లబడేదాకా ఆగు, గడ్డకట్టేదాకా ఆగకు. గడ్డ ఎత్తుకి మూడింతల లోతు తవ్వించు. ముక్కు పైకి. పక్కపక్కన ఆనించి పెట్టకు, గాలి ఆడాలి. పచ్చి ఎరువు తగిలితే కుళ్ళిపోతుంది. నీళ్ళు నిలిచే చోట నాటడం కన్నా నేరుగా తీసుకెళ్ళి నదిలో పోసిరావడం మేలు, కనీసం నడుం నొప్పి తప్పుతుంది.

పూలు వచ్చాక ఏం చేయాలో నీకు చెప్పక్కర్లేదు. విచ్చుకున్నాక రెండు రోజులు చూడు. రంగు తేడాగా ఉన్నవీ, రోగపు చారలున్నవీ పెరికెయ్. తక్కినవాటి తలలు తుంచెయ్. పువ్వంత దొంగ లేదు. నిలబడ్డన్నాళ్ళూ గడ్డ నోటి దగ్గరి కూడు లాక్కుని తింటుంది. ఆకుల జోలికి మాత్రం పోకు. అవి పండి, వడలి, వాటంతట అవే పడిపోవాలి. పెరడు శుభ్రంగా లేదని ఇరుగుపొరుగు మొహం తిప్పుకుంటే తిప్పుకోనీ.

ఏప్రిల్ ఆఖరి వారమని తాకీదు పెట్టడం దేనికి? ఆ సంగతి తులిప్‌కి తెలుసు.

ఆ బెరెండ్ లోతు సరిగ్గా తవ్వుతాడా? దుంపలవాళ్ళకి లోతంటే లెక్కలేదు.

నేలిస్


డెవెంటర్,
8 నవంబరు 1964

అన్నయ్యకి,

నాటేశాం. నది లోతు చూడటానికి గీతలు పెట్టుకున్న కర్ర ఉంది బెరెండ్ దగ్గర. దానితో ప్రతి గుంటా కొలిచాడు. నేను నీ ఉత్తరం చదవడం, ఆయన కొలవడం. గడ్డలు కోడి పొదగబోయే గుడ్లేమో అన్నంత మెల్లిగా దింపాడు. నాన్న ఎరుపు వంటింటి కిటికీ కిందే పెట్టించాను. మడి మీద ఇంకా ఏమీ కప్పలేదు.

ఇప్పుడు ఎందుకో చెబుతాను, కూర్చుని చదువు. ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన నా పెళ్ళి. బెరెండ్‌తో. ఆయనకి అరవై మూడు, నీకన్నా రెండేళ్ళు పెద్ద. భార్య పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు, తాగడు, పళ్ళెం తనే కడుక్కుంటాడు. ఇంకొకటి ఉంది, అది నువ్వెలాగూ అడుగుతావు. ఆయన మనలా క్యాథలిక్ కాదు, ప్రొటెస్టెంట్. మామూలు ప్రొటెస్టెంట్ కూడా కాదు. ఆదివారం బల్లకట్టు నడపనని పైవాళ్ళకి తెగేసి చెప్పి, నా దేవుడి రోజు మీ ఉద్యోగం మీరే చేసుకోండి అన్న రకం.

ఒకే దిండు మీద రెండు మతాలు పడుకుంటే మధ్యలో దయ్యం పడుకుంటుందని అమ్మ అనేది. నా మంచం సన్నది అన్నయ్యా. దయ్యానికి చోటు చాలదు.

మా ఫాదర్ గారు కుదరదన్నారు. వాళ్ళ పాస్టర్ గారూ కుదరదన్నారు. ఇన్నేళ్ళుగా వీధిలో ఎదురుపడితే పక్కకి తిరిగిపోయే ఆ ఇద్దరూ మా పుణ్యాన మొదటిసారి ఒక్క మాట మీద నిలబడ్డారు. కాబట్టి టౌన్ హాల్లో సంతకాలు, ఆ తర్వాత మా పెరట్లో ఎర్ర మడి ముందు కుర్చీలు వేసి కాఫీ. అంతే పెళ్ళి.

నా తరఫు సాక్షి సంతకం నువ్వు పెట్టాలి. అమ్మా నాన్నా లేరు. ఉన్నది మనిద్దరం. నువ్వు రాకపోతే పక్కింటి ఫెమ్మీ పెడుతుంది, మంచిదే, కాకపోతే నేను పుట్టినప్పుడు ఆమె అక్కడ లేదు. నువ్వున్నావు.

రావాలి.

ట్రూస్


హిల్లెహోమ్,
6 డిసెంబరు 1964

చెల్లీ,

సెయింట్ నికొలాస్ పండక్కి నీ పేరులోని మొదటి అక్షరం ఆకారంలో చేసిన చాక్లెట్ పంపుతున్నాను. కొన్నది లీనా. దారిలో విరిగితే పోస్టువాళ్ళని అడుగు.

మడి మీద ఏమీ కప్పలేదని రాశావు. వెంటనే కప్పు. ఎండు రెల్లు అయితే మంచిది, ఎండుగడ్డి అయినా ఫర్వాలేదు కానీ కింద ఎలకలు కాపురం పెడతాయి. నేల గట్టిపడ్డాక కప్పాలి, ముందే కప్పితే వెచ్చగా ఉందని గడ్డ తొందరపడుతుంది. మా దగ్గర ఇప్పటికే రెండుసార్లు మంచు పడింది.

ఒక మాట చెప్పాలి. దుంపలకీ తులిప్‌లకీ ఒకే మడి పనికిరాదు. ఒకదాని తెగులు ఇంకోదానికి అంటుకుంటుంది. ఇప్పటికే జరిగిపోయింది కాబట్టి ఏం చేయలేం. ఈ ఏడాదికి గండం గడుస్తుందేమో చూద్దాం.

నేలిస్

తా.క. నీ ఉత్తరంలో రెండో సగం కూడా చదివాను.


డెవెంటర్,
10 జనవరి 1965

గౌరవనీయులైన నేలిస్ గారికి,

దుంపలకీ తులిప్‌లకీ ఒకే మడి పనికిరాదన్నమాట. బావుంది. నచ్చలేదని మొహం మీద చెప్పే ధైర్యం లేక తెగుళ్ళ వెనకా ఎలకల వెనకా దాక్కుంటున్నావు. తొందరపడేది గడ్డా, నేనా?

బెరెండ్‌కి చదివి వినిపించాను. "మీ అన్నయ్య దుంపల గురించే అన్నాడేమో" అన్నాడు. ఆయన అలాంటి మనిషి. ఎవరైనా మీద బురద చల్లితే వాన పడుతోందనుకుంటాడు. పైగా నువ్వు రాసిన తెగులు మాట నిజమేనని, పాత మట్టి పైపొర తీసేసి నది ఒడ్డు ఇసక కలిపి ఉంటే బాగుండేదని బాధపడుతున్నాడు. ఇద్దరూ ఇద్దరే.

చాక్లెట్ రెండు ముక్కలై వచ్చింది. అందులో కూడా ఏదైనా అర్థముందేమోనని కాసేపు ఆలోచించి, తినేశాను.

నేనడిగింది ఒక్కటే. వస్తావా, రావా? రెల్లు గురించి రాయకు. బెరెండ్ బల్లకట్టు మీది పాత టార్పాలిన్ తెచ్చి కప్పాడు. గడ్డలు వెచ్చగా ఉన్నాయి. నాకే చలిగా ఉంది.

ట్రూస్


హిల్లెహోమ్,
28 ఫిబ్రవరి 1965

చెల్లీ,

నేను దుంప అంటే దుంప. తెగులంటే తెగులు. ఇంకో రకంగా రాయడం నాకు వస్తే ఈ బురదలో ఎందుకుంటాను, ఫాదర్ గారికి ప్రసంగాలు రాసిపెట్టుకుంటూ బతికేవాణ్ణి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే అలవాటు నీకు చిన్నప్పట్నుంచీ ఉంది.

సరే, రెండో సంగతి. నాకు నచ్చలేదు. దాచడం దేనికి. లీనా ఏడ్చింది. ఏడుపయ్యాక ఆ మనిషికి సొంత పళ్ళున్నాయా అని అడిగింది. ఫాదర్ గారు అలాంటి పెళ్ళికి సాక్షి సంతకం పెట్టడం మంచిది కాదన్నారు.

అదంతా పక్కన పెట్టు. అసలు ఏప్రిల్‌లో పెళ్ళేమిటి? హిల్లెహోమ్‌లో ఏప్రిల్ ఆఖర్న పెళ్ళి చేసుకున్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించు. ఇక్కడివాళ్ళు చావడానికి కూడా మే దాకా ఆగుతారు. తలలు తుంచే వారం అది. పొలం పొలమంతా ఒక్కసారి విచ్చుకుని కూర్చుంటుంది, ఉన్న చేతులన్నీ చాలవు. తుంచిన తలలు పడవలకెత్తి కాలువ గట్టున పోస్తాం, మూడో రోజుకి కంపు. ఆ చెత్తనే పిల్లలు దండలు గుచ్చి రోడ్డు పక్కన నిలబడి అమ్ముతారు. పట్నం నుంచి ఆదివారం వచ్చేవాళ్ళు అవి కొని కారు ముక్కుకి కట్టుకుని, ఏదో సాధించినట్టు మొహం పెట్టి పోతారు. మనం పారేసింది మోసుకుపోతున్నారని వాళ్ళకెవరూ చెప్పరు.

నువ్వు ఈ ఇంట్లో పుట్టినదానివి. అన్నీ తెలిసి ఆ వారమే పెట్టావంటే, నేను రాకుండా ఉండాలనే పెట్టావని అనుకోవాల్సి వస్తోంది.

ముక్కులు బయటపడగానే టార్పాలిన్ తీసెయ్. ఆలస్యమైతే మెడలు సన్నగా సాగిపోతాయి.

నేలిస్


డెవెంటర్,
11 ఏప్రిల్ 1965

అన్నయ్యకి,

ఆ వారం ఎందుకు పెట్టానంటే తులిప్‌లు పూసేది ఆ వారమే కాబట్టి. ఇంకే కుట్రా లేదు. నీకు కోపమొస్తే వచ్చింది కానీ, నేను నిన్ను రావద్దనుకున్నానని మాత్రం అనుకోకు. అది నాకు బాధగా ఉంది.

మొగ్గలు వచ్చాయి. ఇంకా ఆకుపచ్చగానే ఉన్నాయి, నాన్న ఎరుపుకి మాత్రం అంచుల్లో రంగు తొంగిచూస్తోంది. రోజూ పొద్దున్న రేవుకి వెళ్ళేముందు బెరెండ్ వచ్చి మడి చుట్టూ ఒకసారి తిరిగి, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని వెళతాడు. అది విగ్రహారాధన కిందికి రాదా అని అడిగాను. ఎండగా ఉందని తీశానన్నాడు. చినుకులు పడుతున్నాయి అప్పుడు.

ఈస్టర్ అయ్యాక మేమిద్దరం కాంపెన్ వెళుతున్నాం, వాళ్ళక్కకి నన్ను చూపించడానికి. ఆవిడ దృష్టిలో క్యాథలిక్కులూ పూలూ ఒకటే, పైపై రంగులు. శనివారానికి తిరిగొస్తాం. వచ్చేసరికి మడి ఎర్రబడి ఉంటుంది. ఇంటి తాళం ఫెమ్మీ దగ్గర ఉంటుంది, నువ్వు ముందుగా వస్తావేమోనని చెబుతున్నాను. రావని తెలిసినా చెబుతున్నాను.

నీ కుర్చీ వేసే ఉంచుతాను. నువ్వు రాకపోతే ఖాళీగానే ఉంటుంది. ఫెమ్మీ లావుపాటి చెల్లెలొచ్చి అడిగినా ఇవ్వను.

ట్రూస్


డెవెంటర్,
24 ఏప్రిల్, శనివారం

నేలిస్,

ఇప్పుడే వచ్చాం. కోటు కూడా విప్పలేదు.

ఫెమ్మీ చెప్పింది. గురువారం టోపీ పెట్టుకున్న ఒకాయన వచ్చాడట, నేను ట్రూస్ అన్నయ్యనన్నాడట, తాళం ఇచ్చిందట. పెరట్లో ఈల వేసుకుంటూ పనిచేసుకున్నాడట. సంతోషంగా ఉన్నాడని చెప్పింది. వెళ్ళేటప్పుడు భుజాన గోనె సంచి ఉందట.

ఒక్కటి వదల్లేదు నువ్వు. మడి నిండా కాడలు. నాన్న ఎరుపు కూడా.

నీకు ఈ పెళ్ళి ఇష్టం లేదని నాకు తెలుసు. ఇష్టం లేకపోతే రాకుండా ఉంటావనుకున్నాను. ఇంత దూరం రైలెక్కి వచ్చి నా పెళ్ళి పూల తలలు తెంపిపోతావని అనుకోలేదు. నీలో ఇంత విషముందని అమ్మ కూడా అనుకుని ఉండదు.

పద్ధెనిమిదేళ్ళు ఆ పొలం మధ్య పెరిగాను. ఒక్క పువ్వు ఎలా వాడిపోతుందో చూడలేదు. చూడటానికి ఏదీ మిగిలేది కాదు. మన బల్ల మీద ఏనాడూ ఒక తులిప్ పెట్టలేదు అమ్మ. నా జీవితంలో ఒక్కసారి, ఒక్క మడి, నాకోసం పూసి నాకోసం నిలబడుతుందనుకున్నాను.

బెరెండ్ కాడల మధ్య కూర్చుని ఆకులు నలిగాయేమోనని చూస్తున్నాడు. అది చూసి నాకు ఇంకా ఏడుపొచ్చింది.

రాకు. కుర్చీ తీసేస్తున్నాను.

ట్రూస్


హిల్లెహోమ్,
26 ఏప్రిల్, సోమవారం

ట్రూస్,

నీ ఉత్తరం పొలం గట్టు మీద నిలబడి చదివాను. రెండోసారి చదివినా అర్థం కాలేదు. ఇంటికొచ్చి లీనాకి ఇచ్చాను.

జరిగింది రాస్తాను. గురువారం పొలంలో పని వదిలేసి వచ్చాను. ఆ వారం పొలం వదిలి వెళ్ళడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. తాళ్ళు కొనడానికి పోతున్నానని మావాళ్ళకి చెప్పాను. నువ్వు లేవని తెలిసే వచ్చాను. పెళ్ళికి వస్తే ఫాదర్ గారు అడుగుతారు, పెరటికి వస్తే ఎవరడుగుతారు.

మడి చూశాను. రంగు నిప్పులా ఉంది. ఒక్క రోగపు మొక్క లేదు. ఒక చోట వేలితో తవ్వి చూశాను. ఆ మనిషి లోతు సరిగ్గా పెట్టాడు, వెంట్రుకవాసి తేడా లేదు. నాకు సంతోషమేసింది. అయ్యో, పెళ్ళి హడావుడిలో దీనికి తలలు తుంచే తీరిక ఎక్కడుంటుంది, గడ్డలన్నీ చిక్కిపోతాయే అనిపించింది. కూర్చుని అన్నీ తుంచాను. ఆకు ఒక్కటి చిరగనివ్వలేదు. మడిలో పడితే కుళ్ళు పడుతుందని తలలన్నీ ఏరి తీసుకెళ్ళి నదిలో పోశాను. మీ ఫెమ్మీ ఒక బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టేసింది.

అది నా పెళ్ళి కానుక, ట్రూస్. రాలేనివాడిని కదా, చేతనైనది చేసిపోదామనుకున్నాను. నువ్వొచ్చి చూసి, అన్నయ్య వచ్చాడని సంతోషిస్తావని రైల్లో అంతా అనుకుంటూ వచ్చాను.

నువ్వు ఎర్ర మడి ముందు కాఫీ అని రాశావు. మాకిక్కడ పువ్వున్నా లేకపోయినా ఎర్ర మడి ఎర్ర మడే. పూల కోసం వేస్తున్నావని నాకేం తెలుసు? ఎవరైనా పువ్వు కోసం తులిప్ వేస్తారా?

ఈ మాటే లీనాతో అన్నాను. ఆవిడ తొక్క తీస్తున్న దుంప కింద పెట్టి, "మన పెళ్ళికి ఏం పూలు పెట్టావో గుర్తుందా" అంది. గుర్తులేదన్నాను. "ఏమీ పెట్టలేదు, అందుకే గుర్తులేదు" అంది. తర్వాత లోపలికెళ్ళిపోయింది. సాయంత్రం కాఫీ నేనే పెట్టుకున్నాను. బాగా రాలేదు.

తలలు మళ్ళీ అతికించలేను. రాకు అన్నావు. సరే.

నేలిస్


డెవెంటర్,
9 మే 1965

అన్నయ్యకి,

నువ్వొచ్చిన తీరు నీకు తెలియదు, నువ్వు లారీ లోపలున్నావు. నేను మెట్ల మీదున్నాను కాబట్టి నేను చెబుతాను.

టౌన్ హాలు ముందు అందరం నిలబడ్డాం. ఫెమ్మీ సంతకం పెట్టడానికని కళ్ళజోడు తుడుచుకుంటోంది. బెరెండ్ అక్క నల్ల టోపీలో శిలలా ఉంది. అప్పుడు గడ్డలు మోసే మీ లారీ వెనక్కి వెనక్కి వస్తూ మెట్లకి గుద్దేంత దగ్గరికొచ్చి ఆగింది. పొలంలో నడిచే చెక్క చెప్పులు, పైన ఆదివారం కోటు, ఆ వేషంలో నువ్వు దిగావు. ముందు సీట్లో లీనా వదిన సూదీ దారం పట్టుకుని ఇంకా గుచ్చుతూనే ఉంది. వెనక బుట్టలు, బుట్టల నిండా తలలు. ఎరుపు, పసుపు, తెలుపు, ఊరు మొత్తం పారేసినవన్నీ ఎత్తుకొచ్చావేమో. సగం దండలు, సగం ఉత్తివి.

నా వైపు చూడలేదు నువ్వు. తిన్నగా బెరెండ్ దగ్గరికెళ్ళి "బల్లకట్టు ఎక్కడ?" అన్నావు. ఆయనతో నువ్వన్న మొదటి మాట అది. "రేవులో" అన్నాడు ఆయన. నిన్ను చూసి ఆయన నవ్వడం గమనించావో లేదో. నాకు మాత్రం ఏడుపొచ్చింది. అందుకే అటు తిరిగి నిలబడ్డాను, కోపంతో కాదు.

లోపల ఆ గుమాస్తా, సాక్షికి పెళ్ళికూతురితో సంబంధమేమిటని అడిగినప్పుడు "మా చెల్లెలు. ఇంకేం రాయక్కర్లేదు" అన్నావు. ఆ మాట చాలు నాకు. సంతకం పెట్టి, పొలంలో పని ఆగిపోయిందని చెప్పి, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయావు. వదిననైనా ఉంచాల్సింది.

నువ్వెళ్ళాక జరిగింది విను. దండలన్నీ బల్లకట్టుకి కట్టాం. కడ్డీలకీ, గొలుసులకీ, గంటకీ. మిగిలిన తలలు నేలంతా పోశాం, మడమల దాకా వచ్చాయి. బెరెండ్ మమ్మల్నందరినీ ఎక్కించి అవతలి ఒడ్డుకీ ఇవతలి ఒడ్డుకీ తిప్పాడు. సైకిళ్ళవాళ్ళూ, పాల బండివాడూ ఎక్కేముందు బూట్లు దులుపుకున్నారు, చర్చిలోకి వెళుతున్నట్టు. బెరెండ్ అక్క మెడలో ఎవరో దండ వేశారు. ఎవరో బలవంతం చేశారని ఇప్పటికీ అందరికీ చెబుతోందట, కానీ కాంపెన్‌లో ఇల్లు చేరేదాకా తీయలేదని ఆవిడ పక్కింటివాళ్ళు రాశారు.

మూడో రోజుకి కంపు కొట్టిన మాట నిజమే. బెరెండ్ చీపురేసి కడుక్కున్నాడు. వాసన మీద కూడా ఆయనకేం ఫిర్యాదు లేదు.

నిన్ను రాకు అన్నాను. నిజంగానే అన్నాను. వచ్చావు. విషమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా ఉత్తరం ఉంచుకో.

ట్రూస్


డెవెంటర్,
18 జులై 1965

అన్నయ్యకి,

ఆకులు పడిపోయాక నిన్న గడ్డలు తవ్వాం. నాకు రాయాలని లేదు, బెరెండ్ రాయమని పోరుపెడుతున్నాడు. నాన్న ఎరుపు ఒక్కో గడ్డ నా గుప్పెట్లో పట్టడం లేదు. పక్కన పిల్ల గడ్డలు కూడా రెండేసి, మూడేసి. ఇంత గడ్డ డెవెంటర్‌లో ఎవరూ చూడలేదట, ఫెమ్మీ తీసుకెళ్ళి వీధంతా చూపించింది. తలలు తుంచడం వల్లేనని బెరెండ్ అందరికీ చెబుతున్నాడు, తనే కనిపెట్టినట్టు.

నువ్వన్నదే నిజం. సంతోషమా?

సగం నీకు పంపుతున్నాను. మంచి సగమే. ఇది ఆయన పద్ధతి.

ట్రూస్


హిల్లెహోమ్,
15 మే 1966

చెల్లికీ, బావకీ,

మీరు పంపిన గడ్డలు పొలంలో వేయలేదు. వంటింటి కిటికీ కింద వేశాను. లీనా అక్కడే వేయమంది. ఇల్లన్నాక ఆడవాళ్ళ మాట కొంత వినాలి.

ఏప్రిల్‌లో పొలమంతా తుంచాం. కిటికీ కిందివి తుంచలేదు. మావాళ్ళు వచ్చి మర్చిపోయావా నాన్నా అని అడిగారు. లేదన్నాను. పక్క పొలం వెసెల్ గుమ్మం దాకా వచ్చి, టోపీ తీసి, ఒంట్లో కులాసాగా ఉందా అని లీనాని అడిగాడు. నన్ను కాదు, లీనాని. ఆదివారం ఫాదర్ గారు కూడా కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డారు. పోయినేడు నేను పెట్టిన సంతకం గురించి మాట్లాడతారనుకున్నాను. ఎర్రగా ఉన్నాయన్నారు. అవునన్నాను.

బావా, నీకు తెలుసో లేదో, మొదటి వారం అది పొద్దున విచ్చుకుని సాయంత్రం ముడుచుకుంటుంది. అంతవరకు నాకూ తెలుసు. ఆ తర్వాత ముడుచుకోవడం మానేస్తుంది. వెడల్పుగా తెరుచుకుని అలాగే ఉండిపోతుంది. ఎరుపు తగ్గి, అంచులు పల్చబడి, వెలుతురు ఇవతలి నుంచి అవతలికి కనిపిస్తుంది. లోపల అడుగున నలుపు ఉంది, దాని చుట్టూ సన్నగా పసుపు. నాన్న ఆ రకాన్ని గింజ నుంచి తీశాడు, నేను ఇన్నేళ్ళు పెంచాను. ఆ పసుపు సంగతి ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. చూసి ఉండడు.

లీనా ఒకటి కోసి గాజు గ్లాసులో పెట్టి బల్ల మీద పెట్టింది. మొన్న మధ్యాహ్నం నేను పేపరు చదువుతుంటే ఒక రేకు రాలి బల్ల మీద పడింది. చప్పుడైంది ట్రూస్. చిన్న చప్పుడే, కానీ వినిపించింది. పేపరు పక్కన పెట్టి రెండోదాని కోసం కూర్చున్నాను. లీనా కూడా వచ్చి కూర్చుంది. చాలాసేపు పట్టింది.

ఈసారి ఆ గడ్డలు చిక్కిపోయి ఉంటాయి. ఉండనీ.

వచ్చే ఏడాది మీరిద్దరూ ఇక్కడికి రండి. బావకి ఆదివారం పనీ ప్రయాణమూ ఉండకూడదు కాబట్టి శనివారమే వచ్చి, సోమవారం వెళ్ళండి. మా మంచం కూడా సన్నదే, పై గదిలో వేయిస్తాను. ఏప్రిల్ ఆఖరి వారంలో రండి. అప్పుడు నాకు పెద్ద పనేమీ ఉండదు.

నేలిస్